రేపటి సభ రిపోర్టు

రేపటి సభకు అరవై ఎనిమిది మంది వచ్చారని ఆమె ఈరోజే రాసేసింది. అందులో ఆడవాళ్లు నలభై ఒక్కరు. డెబ్బై అని మాత్రం రాయదు. డెబ్బై అంటే ఎవరో కుర్చీలో కూర్చుని వేసిన లెక్కలా ఉంటుంది. అరవై ఎనిమిది అంటే గుమ్మంలో నిలబడి వేలు చూపిస్తూ లెక్కపెట్టినట్టు ఉంటుంది. మున్సిపల్ ఆఫీసు మొదటి అంతస్తులో, పర్యావరణ అవగాహన విభాగం అని బోర్డున్న గదిలో, కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని ఇలాంటివి ఎన్ని రాసిందో ఆమెకే గుర్తులేదు. ఆఫీసులో అందరూ ఆమెను రిపోర్టమ్మ అంటారు. అసలు పేరు హాజరు పుస్తకంలో ఉంది, అక్కడే ఉంటుంది.

ముందే రాయడం ఆమె కనిపెట్టిన పద్ధతేమీ కాదు. సభ ముగిసిన అరగంటలో రిపోర్టు పై ఆఫీసుకు చేరాలి, లేకపోతే ఆ సభ జరిగినట్టు లెక్కలోకి రాదు. సభలేమో ఏనాడూ వేళకు ముగిసి చావవు. అందుకని ఎప్పుడో ఎవరో బుర్రున్న మనిషి ముందురోజే రాసిపెట్టుకోవడం మొదలుపెట్టాడు. సభ అయ్యాక రెండు ఫొటోలు అతికించి మీట నొక్కితే పని అయిపోతుంది. ఒకసారి నొక్కాక మాత్రం అక్షరం మార్చడానికి వీల్లేదు, పై ఆఫీసు నుంచి చేరినట్టు రసీదు వచ్చేస్తుంది.

"మహిళలు ఉత్సాహంగా ప్రశ్నలు అడిగారు" అని కంప్యూటర్లో కొట్టింది. ఏం అడిగారో కూడా రాసింది. కింద 'ముఖ్య అతిథి సందేశం' అనే గడి. "ప్రతి ఇల్లూ ఒక పచ్చని అడుగు వేయాలని కమిషనర్ గారు పిలుపునిచ్చారు." రేపు కమిషనర్ గారు మైకు పుచ్చుకుని సరిగ్గా ఆ పిలుపే ఇస్తారు. ఆయన వేదిక ఎక్కేటప్పుడు చేతిలో పెట్టే కాగితం ఈ గడిలోంచి తీసిందే. ఆ కాగితాన్ని ఆయన మైకు ముందు నిలబడ్డాకే మొదటిసారి చదువుతారు. చదవడం మాత్రం బాగా చదువుతారు, ఆ మాట ఒప్పుకోవాలి.

ఆఫీసరు గారు తలుపు దగ్గరే నవ్వుతూ కనిపించాడు. విభాగానికి పెద్ద, మంచివాడే. ఎవరినీ పల్లెత్తు మాట అనడు.

"ఏమ్మా రిపోర్టమ్మా, పై ఆఫీసులో నీ పేరు మోగిపోతోంది. మన వార్డు తొంభై నాలుగు శాతం! వందిళ్లలో తొంభై నాలుగిళ్లు తడి చెత్త, పొడి చెత్త వేరుచేసి ఇస్తున్నాయంటే మాటలా? ముక్కున వేలేసుకున్నారట."

ఆయన అందించిన కాగితాన్ని ఆమె చదివింది. ఇళ్లలోనే చెత్త వేరవుతున్నందున వార్డు చివరనున్న ఏరివేత షెడ్డు అవసరం తీరినది. శుక్రవారం సభ జరిపి, సదరు షెడ్డును హరిత అవగాహన కేంద్రంగా ప్రారంభించవలెను.

"కేంద్రం నీదే అనుకో. గోడల మీద బొమ్మలు, బడిపిల్లలకు ఆటలు, ఎరువు చేసే తొట్టె నమూనా. ఏం పెడతావో నీ ఇష్టం. ప్లాన్ వేసెయ్."

"అక్కడ చెత్త ఏరే ఆడవాళ్లు ఏడుగురు ఉన్నారు కదా సార్."

"ఇంక ఏరడానికి ఏముందమ్మా?" అన్నాడాయన. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు.

ఆ తొంభై నాలుగు ఎక్కడ పుట్టిందో ఆమెకు తెలుసు. ఈ బల్ల మీదే పుట్టింది. నెలనెలా నాలుగు వందల ఇళ్లు తిరిగి ఫారాలు నింపాలి. విభాగంలో తిరిగే కాళ్లు రెండే, అవి ఆమెవి. మొదటి నెల నలభై ఇళ్లు తిరిగింది, మిగతావి కూర్చుని నింపింది. తర్వాత ఆ నలభై కూడా తిరగలేదు. అంకె ప్రతి నెలా రెండు పెరగాలి, మూడు పెరిగితే ఎక్కువ, తగ్గితే సంజాయిషీ. ఎనభై ఆరు, ఎనభై ఎనిమిది, తొంభై. ఎవరికీ చెడు చేస్తున్నానని ఆమెకు ఒక్కసారీ అనిపించలేదు. ఇప్పుడూ ఏమీ అనిపించలేదు. కాగితాన్ని ఫైల్లో పెట్టి, రేపటి సభ కుర్చీల లెక్క కిందే శుక్రవారం సభకు ఎన్ని కావాలో రాసుకుంది.

*

షెడ్డు పంపుహౌస్ గోడను ఆనుకుని ఉంది. పైన రేకులు, మూడు వైపులా ఇనుప జాలీ, ఒక మూల నీళ్ల కుళాయి. బుధవారం పొద్దున ఆమె కొలత టేపు పట్టుకుని వెళ్లింది. జీపు డ్రైవరు గేటు దగ్గరే ఆగి జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. ఆమె నేరుగా లోపలికి నడిచింది. ఆమెకు ఏ వాసనా తగల్లేదు. కొన్నాళ్లుగా ఏదీ తగలడం లేదు, ఆ సంగతి కూడా ఆమె పట్టించుకోలేదు.

లోపల చెత్త కుప్ప చుట్టూ ఏడుగురు ఆడవాళ్లు గోనెపట్టాల మీద కూర్చుని ఉన్నారు. అందరిలోకీ పెద్దావిడ ఒక కాలు చాపుకుని కూర్చుంది. ఆ కాలు వంగదు. ఈ షెడ్డు లేని రోజుల్లో, ఊరవతల చెత్త డంపు మీద ఏరుకుంటున్నప్పుడు, వెనక్కి వస్తున్న లారీ చక్రం కింద నలిగిన కాలు అది. ఆమె చేతుల్లోంచి పనికొచ్చేది ఏదీ జారిపోదని జల్లెడక్క అంటారు. పాలకవరు ఎడమకు. మందం కవరు కుడికి. సీసా మూత తిప్పి డబ్బాలోకి, సీసా సంచిలోకి. గాజుపెంకు కంటికి కనబడకముందే వేళ్లు ఆగిపోతాయి. కూరనీళ్లలో నానిన అట్టముక్కను పిండి, విదిల్చి, జాలీకి ఆనించి ఆరబెడుతుంది.

"ఏం కొలుస్తున్నావమ్మా రిపోర్టమ్మా? కొత్త రేకులు వేయిస్తావా ఏంటి?"

"శుక్రవారం ఇక్కడ సభ అక్కా. కమిషనర్ గారు వస్తున్నారు. షెడ్డును అవగాహన కేంద్రం చేస్తున్నారు."

"చెయ్యనీ. మేం ఆ మూలకి సర్దుకుంటాం."

"మూల కాదక్కా. షెడ్డు మొత్తం."

పద్నాలుగు చేతులూ ఆగిపోయాయి.

"మరి మేము?"

రిపోర్టమ్మ సభల్లో మాట్లాడే గొంతుతోనే చెప్పింది. ఆమెకు ఇంకో గొంతు తట్టలేదు. "ఇళ్లలోనే వేరుచేసి ఇస్తున్నారు కాబట్టి ఇక ఏరే అవసరం లేదని పైనుంచి ఆర్డరు వచ్చింది."

"ఎవరిస్తున్నారు?"

"వార్డులో. వందకి తొంభై నాలుగిళ్లు."

జల్లెడక్క కుప్పవైపు తిరిగింది. కిందనుంచి పైదాకా తీరిగ్గా చూసింది. "అయితే ఈ కొండంతా మిగతా ఆరిళ్లదేనా? ఓరి నాయనో! ఏం తింటారమ్మా ఆ ఆరిళ్లవాళ్లు!"

ఆడవాళ్లందరూ గొల్లుమన్నారు. ఒకామె నవ్వలేక మోచేత్తో కళ్లు తుడుచుకుంది. నవ్వు ఆగాక మాత్రం ఒక్కరూ తిరిగి పనిలో చెయ్యి పెట్టలేదు.

"మళ్లీ డంపుకే పోవాలన్నమాట," అంది కళ్లు తుడుచుకున్నామె. "ఆ ఎండలో, ఆ కుక్కల మధ్య."

"మీరు పోగలరు. నేనెక్కడ ఎక్కుతానే ఈ కాలితో?" జల్లెడక్క రెండు చేతులతో కాలు పట్టుకుని కొంచెం పక్కకు జరుపుకుంది. "ఆ తొంభై నాలుగు ఎవరు రాశారమ్మా?"

"ఆఫీసులో రాశారు."

"ఆఫీసుకి చేతులుంటాయా? ఎవరు రాశారు?"

రిపోర్టమ్మ టేపు కొస వదిలేసింది. టేపు లోపలికి చుట్టుకుపోయి టక్కున కొట్టుకుంది. జల్లెడక్క మళ్లీ అడగలేదు, ఒక గోనెపట్టా దులిపి పక్కన పరిచింది.

"కూర్చో. కొలత ఎక్కడికీ పోదు. అదిగో బండొచ్చింది. ఈ ఒక్క బండీ నువ్వే చూడు."

ఆమె కూర్చుంది. ఎందుకు కూర్చుందో అడిగితే చెప్పలేకపోయేది, కూర్చోమన్నారు కాబట్టి కూర్చుంది. బండి వెనక్కి వచ్చి తొట్టె ఎత్తింది. ఆమె అరవై సంచులు విప్పి లెక్కపెట్టింది. వేరుచేసి కట్టినవి ఏడు. ఆ ఏడు కూడా బండిలో పక్క సంచుల కింద నలిగి, వాటి రసంలో మునిగి వచ్చాయి. బండికి తొట్టె ఒక్కటే. రెండు అరలుండాలని మూడేళ్ల కిందట ప్లాన్‌లో రాసింది ఆమే, రెండు అరల బండ్లు తిరుగుతున్నాయని ఆ మరుసటి నెల రిపోర్టులో రాసిందీ ఆమే.

"ఇదిగో, ఇది చూడు," అంటూ జల్లెడక్క ఒక సంచి పైకెత్తింది. మూతి దగ్గర నీలం గుడ్డపీలికతో రెండు ముళ్లు వేసి ఉంది. పాత దుప్పటి చింపిన పీలిక. "ఎవరో మహాతల్లి. రోజూ ఇలాగే కడుతుంది. పాలకవర్లు కడిగి, ఆరబెట్టి, మడతపెట్టి మరీ పంపిస్తుంది. పెంకు ఉంటే కాగితంలో చుట్టి పైన గీత పెడుతుంది. ఈ సంచిలో మాత్రం చూడకుండా చెయ్యి పెడతాను. ఇంకే సంచిలోనూ పెట్టను."

ఆ దుప్పటి రిపోర్టమ్మకు తెలుసు. పోయిన చలికాలం దాకా తన మంచం మీదే ఉండేది. ముడిని వేలితో ఒకసారి తడిమి వదిలేసింది.

"నీకు కంపు కొట్టట్లేదా?" అంది జల్లెడక్క ఉన్నట్టుండి. "ఇంతసేపు కూర్చున్నావు, ముక్కు కూడా మూసుకోలేదు."

"లేదక్కా."

"జలుబా?"

"జలుబు కూడా లేదు."

జల్లెడక్క ఆమె మొహంలోకి ఒక్క నిమిషం చూసింది. "జాగ్రత్తమ్మా. మాకే రోజూ కొడుతుంది," అంది.

*

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి అత్తగారు పెరట్లో బట్టలతీగకు పాలకవర్లు తగిలిస్తోంది. ఒక్కో కవరుకు ఒక్కో క్లిప్పు. బట్టలకు క్లిప్పులు చాలక కొడుకు చొక్కాలు కుర్చీ వీపుల మీద ఆరుతున్నాయి. రిపోర్టమ్మ భర్త అప్పటికే డ్యూటీకి వెళ్లిపోయాడు, చొక్కా సగం తడిగానే తొడుక్కుని వెళ్లి ఉంటాడు.

"వచ్చావా? మన వార్డుకి తొంభై నాలుగు వచ్చాయటగా! ఎదురింటావిడ చెప్పింది. అందులో ఒకటి నాది అన్నాను. తనది మాత్రం కాదు, ఆ మాట మొహం మీదే చెప్పాను."

"అత్తయ్యా, ఆ నీలం పీలికలు..."

"ఏం? ఊడిపోతున్నాయా?"

"లేదు. గట్టిగానే ఉన్నాయి."

వంటింట్లో రెండు బకెట్లు పక్కపక్కనే ఉన్నాయి, ఒకదానిలో ఉల్లిపొట్టు, అరటితొక్కలు, ఇంకోదానిలో పొడివి. బకెట్ల మీద ఆమె తన చేత్తోనే రాసి అంటించిన కాగితాలు మూడేళ్లకు పచ్చబడ్డాయి. అన్నం ముందు కూర్చుని ఆమె రెండు ముద్దలు తిన్నది. తర్వాత కంచంలోకి చూస్తూనే చెప్పింది.

"మీరు వేరుగా ఇచ్చేవన్నీ బండిలో కలిసిపోతాయి అత్తయ్యా. బండికి తొట్టె ఒక్కటే."

అత్తగారి చెయ్యి గరిటె మీద ఆగింది. "ఎప్పటినుంచి?"

"మొదటినుంచీ."

"నీకు తెలుసా?"

"తెలుసు."

కొట్టినా బాగుండేది. ముసలావిడ కొట్టలేదు, అరవలేదు. లేచి పెరట్లోకి వెళ్లింది. రిపోర్టమ్మ అన్నం మీద వేళ్లు పెట్టుకుని అలాగే కూర్చుంది. కవర్లన్నీ పీకి పారేస్తుందేమో అనుకుంది. కిటికీలోంచి చూస్తే అత్తగారు గాలికి వంకరపోయిన కవర్లను ఒక్కొక్కటే తిన్నగా సర్దుతోంది.

"మరి వీటిని చివరికి ఎవరు ముట్టుకుంటారు?" అని అక్కడినుంచే అడిగింది.

"శుక్రవారం సభ జరిగే షెడ్డులో ఏరే ఆవిడ. జల్లెడక్క అంటారు. మీ సంచిలో ఒక్కదానిలోనే చూడకుండా చెయ్యి పెడతానంది."

అత్తగారు మిగిలిన కవర్లు కూడా సర్దింది. చివరి కవరుకు క్లిప్పు పెట్టి లోపలికొచ్చింది. "బండిలో ఏమైతే నాకెందుకు? ఆవిడ చేతికి తెలుస్తోందిగా," అంది. "శుక్రవారం సభకు నేనూ వస్తాను. ఆవిణ్ణి చూడాలి. ముడి రెండు వెయ్యాలా, ఒకటి చాలా, అడగాలి."

షెడ్డు మూసేస్తున్నారని ఆమె అత్తగారికి చెప్పలేకపోయింది.

*

గురువారం ఆమె ఆఫీసరు గారి బల్ల ముందు నిలబడింది. ఏమని మొదలుపెట్టాలో ముందు అనుకోలేదు.

"సార్, ఆ తొంభై నాలుగు తప్పు. నిన్న ఒక బండి విప్పి చూశాను. అరవై సంచుల్లో ఏడు."

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. కోపం రాలేదు, వస్తే ఆమెకు తేలికయ్యేది.

"కూర్చోమ్మా. పోయిన నెల తొంభై రెండు అన్నావు. ఈ నెల తొంభై నాలుగు అన్నావు. ఇప్పుడు పది, పదకొండు అంటే మనమందరం మూడేళ్లుగా ఏం చేస్తున్నట్టు?"

"నేను రాశాను సార్. మీరు కాదు."

"దాని కింద నీ సంతకం ఉంది, నా సంతకం ఉంది, కమిషనర్ గారి సంతకం ఉంది. మూడు సంతకాలు కలిసి తప్పు చేస్తాయా? నువ్వు అలిసిపోయావు. ఈ కార్యక్రమం కానిచ్చి నాలుగు రోజులు సెలవు పెట్టుకో."

"ఆ ఆడవాళ్లు డంపుకి పోవాలి సార్. ఒకావిడ కాలు వంగదు."

"అయ్యో," అన్నాడాయన. నిజంగానే బాధపడ్డాడు. "ఆవిడ చేత ప్రతిజ్ఞ చదివిద్దాం. వేదిక మీద కుర్చీ వెయ్యి. ఫొటో కూడా బాగుంటుంది." మళ్లీ కళ్లజోడు పెట్టుకున్నాడు. "ఇంకో మాట. శుక్రవారం సాయంత్రం పై ఆఫీసులో పిట్ట కూడా ఉండదు. రిపోర్టు మధ్యాహ్నమే పంపెయ్. ఫొటోలు సోమవారం విడిగా పంపుదాం."

"మధ్యాహ్నమేనా సార్? సభ నాలుగింటికి."

"ఎప్పుడు పంపితే ఏంటమ్మా? అంకెల గడి తప్ప ఎవడు చూస్తాడు?"

ఆమె తన బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది. కార్యక్రమం వరుస రాసింది. స్వాగతం, ఆఫీసరు గారు. ప్రతిజ్ఞ, జల్లెడక్క. ప్రగతి నివేదిక, తాను. సందేశం, బోర్డు ఆవిష్కరణ, కమిషనర్ గారు. బ్యానర్‌కు కొలతలు ఫోనులో చెప్పింది. మైకువాడికి పంపుహౌస్ నుంచి కరెంటు తీసుకోమంది. అన్నీ చకచకా చేసింది, ఆ చేతులకు అలవాటే.

తర్వాత రిపోర్టు ఫారం తెరిచింది. హాజరు గడిలో అరవై ఎనిమిది అని వేళ్లు వాటంతట అవే కొట్టేశాయి. చూసుకుని చెరిపేసింది. "లెక్కపెట్టాలి" అని రాసింది. 'సభ విశేషాలు' అనే గడిలో కర్సర్ మిణుకుమిణుకుమంటోంది. రేపు నిలబడి మాట్లాడగలనా అని తనను తాను అడిగితే లేదనే జవాబు వచ్చింది. ఆమె ఎన్నడూ ఎవరి ముందూ తన మాట చెప్పలేదు. కానీ జరగని దాన్ని జరిగినట్టు రాయడం వచ్చు. ఆ ఒక్క పనీ కళ్లు మూసుకుని చేస్తుంది.

"ప్రగతి నివేదిక సమయంలో అవగాహన విభాగం ఉద్యోగిని లేచి, తొంభై నాలుగు శాతం అనే అంకె ఇళ్లకు వెళ్లకుండా తానే కూర్చుని నింపినదని సభాముఖంగా ఒప్పుకున్నారు. బండికి తొట్టె ఒక్కటేనని, అరవై సంచుల్లో ఏడు మాత్రమే వేరుచేసినవని తెలిపారు."

ముఖ్య అతిథి గడి దగ్గర చాలాసేపు ఆగింది. పక్క గదిలో ఎవరో టీ గ్లాసులు కడుగుతున్నారు. ఆ చప్పుడు అయిపోయాక ఆ గడి కూడా నింపింది. ఎప్పటిలాగే ఆ గడిలోది విడిగా ఒక కాగితం మీద పెద్ద అక్షరాల్లో అచ్చు తీసి, కమిషనర్ గారి ఫైల్లో పెట్టింది.

*

శుక్రవారం పన్నెండున్నరకు మీట నొక్కింది. రసీదు వచ్చింది. గుండె దడదడలాడుతుందేమో అని ఒక నిమిషం ఎదురుచూసింది. ఏమీ లేదు. జీపెక్కి షెడ్డుకు వెళ్లింది.

కుప్పను టార్పాలిన్ కింద కప్పేశారు. అది కనబడకుండా ముందు బ్యానర్ కట్టారు, బ్యానర్ మీద ఆకుపచ్చ ఆకులు, నవ్వుతున్న భూగోళం. ఏడుగురు ఆడవాళ్లూ ఉతికిన బట్టల్లో వెనక వరుసలో చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. వాళ్ల చేతులు పని లేకుండా ఉండటం ఆమె అదే మొదటిసారి చూసింది. అత్తగారు వచ్చి వాళ్ల పక్కనే కుర్చీ లాక్కుని కూర్చుంది.

కమిషనర్ గారు అరగంట ఆలస్యంగా వచ్చారు, అంటే వేళకే వచ్చినట్టు. ఆఫీసరు గారు స్వాగతం పలికాడు. జల్లెడక్కను ఇద్దరు పట్టుకుని వేదిక మీదికి తెచ్చి కూర్చోబెట్టారు. ఆమెకు చదవడం రాదని అప్పుడు బయటపడింది, ఆఫీసరు గారే పక్కన నిలబడి ఒక్కో ముక్కా అందించాడు. "నేను నా ఇంటి చెత్తను వేరుచేసి ఇస్తానని..." "ఇస్తానని," అంది జల్లెడక్క. ఊరందరి చెత్తా వేరుచేసే మనిషి. ఫొటో తీశారు.

"ఇప్పుడు ప్రగతి నివేదిక," అన్నారు మైకులో.

రిపోర్టమ్మ లేచింది. చేతిలో ఎప్పటిలాంటి కాగితమే ఉంది, ఎనభై ఆరు, ఎనభై ఎనిమిది, తొంభై అన్న వరుస. అది చదివేసి కూర్చోవచ్చు. పైకి పంపిన రిపోర్టు అబద్ధమవుతుంది, అంతే కదా. ఏ రిపోర్టు నిజమైంది గనక?

వెనక వరుసలో అత్తగారు జల్లెడక్క వదిలిన కుర్చీ మీద చెయ్యేసి, అది ఆవిడ కోసమే అన్నట్టు కాపలా కాస్తోంది.

"తొంభై నాలుగు శాతం అని చదవాలి," అంది రిపోర్టమ్మ. గొంతు మైకులో పెద్దగా వినబడి ఆమే ఉలిక్కిపడింది. "అది నేను కూర్చుని నింపాను. ఇళ్లకు వెళ్లలేదు. బండికి రెండు అరలున్నాయని రాశాను, ఒక్కటే ఉంది. బుధవారం ఇక్కడ కూర్చుని అరవై సంచులు విప్పాను. ఏడు వేరుచేసి ఉన్నాయి. మిగతావన్నీ వీళ్లే వేరుచేస్తున్నారు. ఈ ఏడుగురు. నేను రాసిన అంకె చూసి వీళ్లను పొమ్మంటున్నారు."

ఇంకేం చెప్పాలో రిపోర్టులో రాసుకోలేదు. అందుకని ఆగిపోయింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒక కుర్చీ కిర్రుమంది. ఆఫీసరు గారు కార్యక్రమం కాగితం తిరగేసి చూశాడు. కమిషనర్ గారు, అలవాటైన మనిషి కదా, లేచి మైకు దగ్గరికి వచ్చి, వేదిక ఎక్కేటప్పుడు చేతిలో పెట్టిన కాగితం జేబులోంచి తీసి విప్పారు. చదవబోయి ఆగారు. మళ్లీ మొదటినుంచి చూసుకున్నారు. మైకు మీద అరచెయ్యి పెట్టి ఆమెవైపు తిరిగారు.

"ఇదేంటి? ఇది నేను అన్నట్టు ఉంది?"

"అన్నారని రాశాను సార్."

ఆఫీసరు గారు ఒక్క అంగలో వచ్చాడు. "సార్, మీరు ఇది పక్కన పెట్టండి. బోర్డు తీసెయ్యండి, చాలు. అమ్మా, ఇదేదీ రిపోర్టులోకి రానివ్వకు. వేరేది రాసి పంపు."

"పన్నెండున్నరకే పంపేశాను సార్. మీరే మధ్యాహ్నం పంపమన్నారు. రసీదు వచ్చింది."

"ఇలాగేనా?"

"ఇలాగే సార్."

ఆఫీసరు గారు వెనక్కి తిరిగాడు. "అలా జరగలేదని రాద్దాం సార్," అన్నాడు కమిషనర్ గారితో.

కమిషనర్ గారు చేతి గడియారం చూసుకున్నారు. అయిదు కావస్తోంది. "ఇప్పుడు జరుగుతున్న సభ రిపోర్టు మధ్యాహ్నమే ఎలా పంపారని అడగరా?" అన్నారు మెల్లగా.  ఒకటి తవ్వితే జిల్లాలో ప్రతి ఆఫీసూ ముందే రాసిన రిపోర్టులన్నీ బయటపడతాయి. కమిషనర్ గారు రిపోర్టమ్మను ఒకసారి ఎగాదిగా చూశారు. ఈ మనిషి తన దగ్గర పనిచేస్తోందని అప్పుడే తెలిసినట్టు చూశారు. తర్వాత మైకు మీదనుంచి చెయ్యి తీశారు.

"ఇంటింటికీ తిరిగి లెక్క మళ్లీ తీసేదాకా ఈ షెడ్డు మూసేది లేదు," అని చదివారు. "ఇక్కడ పనిచేసే ఏడుగురూ ఇక్కడే పనిచేస్తారు. వార్డుకు రెండు అరల బండి వచ్చాకే మరో ఆలోచన." బాగా చదివారు. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగి చదివారు.

దిగి వెళ్తూ ఆమె దగ్గర ఆగారు. "సోమవారం మెమో అందుతుంది మీకు. సంజాయిషీ రాసుకోండి."

"రాస్తాను సార్."

"సోమవారం అందాకే రాయండి," అని కారెక్కారు.

ఆఫీసరు గారు ఆమె మొహం చూడకుండా వెళ్లిపోయాడు. జీపు కూడా వెళ్లిపోయింది. మిగిలినవాళ్లను ఆమె వేలు చూపిస్తూ లెక్కపెట్టింది, ఇరవై ముగ్గురు ఉన్నారు. అత్తగారు జల్లెడక్క పక్కన చేరి చేతిలో గుడ్డపీలిక పట్టుకుని ముడి వేసి చూపిస్తోంది. జల్లెడక్క దాన్ని విప్పి, ఒక్క ముడే వేసి, "ఇట్లా అయితే ఒక్క లాగుకి వస్తుంది వదినా," అంటోంది.

"ఫొటోలు అయిపోతే ఆ కుర్చీలు తియ్యండమ్మా," అని కేకేసింది తర్వాత. "పనెక్కడిదక్కడే ఉంది."

ఇద్దరు ఆడవాళ్లు బ్యానర్ విప్పారు, ఇంకో ఇద్దరు టార్పాలిన్ అంచు పట్టుకుని లాగారు. మధ్యాహ్నమంతా ఎండలో మూతపడి ఉడికిన కుప్ప ఒక్కసారిగా బయటపడింది. రిపోర్టమ్మకు గొంతులోకి ఏదో ఎగదన్నింది. జాలీ పట్టుకుని వంగిపోయింది. కళ్లలో నీళ్లు, ముక్కులో నీళ్లు. సోమవారం గుర్తొచ్చి భయమేసింది, బుధవారం ఇక్కడే టేపు పట్టుకుని తాను మింగేసిన జవాబు గుర్తొచ్చి సిగ్గేసింది. అన్నీ ఒకేసారి వచ్చి పడ్డాయి.

"అబ్బా, ఏం కంపక్కా ఇది!" అంది.

జల్లెడక్క తలెత్తి చూసింది. పెద్దగా నవ్వి, కుళాయి దగ్గరున్న చెంబువైపు చెయ్యి చూపించింది. "మొహం కడుక్కుని రా. పట్టా వేసి ఉంచుతాను."